మహానస భోజనశాలల పరస్పరస్థితి – ఒక విచారము

షోడశగృహవిన్యాసమను పేర నేటి వాస్తుపండితులు చూపు పటములో మహానసము ఆగ్నేయమునందును, భోజనగృహము పశ్చిమమునందును గీయబడియుండును. ఆ రెండింటి నడుమ ఎంత దూరము కలదో, వేడి అన్నపుగిన్నెతో ఆ దూరమును నడువవలసినవారెవరో పటము చెప్పదు. ఇటీవల ఇండ్లు కట్టుకొనువారును, ఫ్లాట్లు కొనువారును ఈ పటమును నమ్మి, వంటగదికి ఆనుకొనియున్న భోజనస్థలమును మాని పడమటి గదికి మార్చుచున్నారు. అందుకై గోడలు పగులగొట్టించువారును కలరు. శాస్త్రమట్లే ఉన్నదా అని వారు మనవంటివారి నడిగినప్పుడు, ఔననుటకుగాని కాదనుటకుగాని ముందు గ్రంథములు విప్పి చూచుట మన విధి. ఈ వ్యాసమున ఆ పనికి పూనుకొనుచున్నాను.

మొదట మూలము. ఈ పదునారు గదుల క్రమమునకు మనవారు తరచుగా ప్రమాణముగా చూపునది రామదైవజ్ఞుని ముహూర్తచింతామణి. అది శాలివాహనశకము 1522, అనగా క్రీ.శ. 1600లో కాశియందు రచింపబడినది. అందలి వాస్తుప్రకరణమున తూర్పు మొదలుకొని ప్రదక్షిణముగా ఎనిమిది దిక్కులయందు స్నానగృహము, పాకగృహము, శయనగృహము, ఆయుధగృహము, భోజనగృహము, ధాన్యగృహము, భాండాగారము, దేవతాగృహము అని వరుస చెప్పబడినది. వాని నడిమి ఎడములలో మథనము, ఆజ్యము, పురీషోత్సర్గము, విద్యాభ్యాసము, రోదనము, రతి, ఔషధము, సర్వవస్తుసంగ్రహము అను ఎనిమిదింటికి స్థానములు కల్పింపబడినవి. ఇందొక విశేషము గమనింపదగినది. పాకగృహమునకు ఒక ప్రక్కన చల్ల చిలుకు గది, మరియొక ప్రక్కన నేయి దాచు గది ఉన్నవి. కావున ఏ పని దేని చెంత ఉండవలెనో ఆలోచింపక కూర్చిన వరుస కాదిది. అట్లు ఆలోచించినవాడు వంటింటిని, భోజనశాలను ఇంతదూరము చేయుటకు కారణమేమి?

దూరమెంతయో లెక్కించి చూతము. పదునారు గదులు చతురస్రముగా పేర్చవలెనన్న, ప్రక్కకు అయిదేసి గదుల చొప్పున ఇరువదియైదు అరల చదరము గీచి, నడిమి తొమ్మిది అరలను అంగణముగా విడువవలెను. అప్పుడు చుట్టును సరిగా పదునారు అరలు మిగులును. ఒక్కొక్క గది పదియడుగుల చదరమనుకొన్నచో ఇల్లు ఏబది అడుగుల చదరము. అంగణము ముప్పది అడుగుల చదరము. ఆగ్నేయమూలనుండి పడమటి నడిమి గదికి దక్షిణముగా గదులవెంట నడచినచో అరువది అడుగులు. దారిలో నేతిగది, పడకగది, పురీషగృహము, ఆయుధగృహము, విద్యాగృహము అను అయిదింటి ముంగిళ్లు దాటవలెను. పులుసుగిన్నె పట్టుకొన్నవాడు పురీషగృహపు ముంగిటనుండి పోవలెనని రామదైవజ్ఞుడు తలచెనని నేననుకొనను. ఉత్తరముగా చుట్టినచో తొమ్మిది గదులు, నూరడుగులు. మూలకు మూలగా అంగణమున కడ్డముపడి పోయినచో సుమారు నలుబదియైదు అడుగులు.

అనగా ఈ విన్యాసమునకు ప్రాణము నడిమి అంగణము. ఇది చతుశ్శాలయైన పెద్దయింటికి, పరిచారకులు గల సంపన్నగృహమునకు కూర్చిన క్రమము. ఆయుధములకు వేరుగా ఒక గది, ఏడ్చుటకు వేరుగా ఒక గది కలిగిన ఇల్లు సామాన్యగృహస్థునిది కాదని వేరుగా చెప్పనక్కరలేదు. వేయి చదరపుటడుగుల ఫ్లాటును ఇట్లే విభజించినచో ఒక్కొక్క గది ఆరడుగుల చదరమునకు కొంచెము మించును. మంచమైనను సరిగా పట్టదు. పదునారింటిలో పదునాల్గింటిని విడిచి, రెండింటిని మాత్రము పట్టుకొని, నడిమి అంగణమును కూడ తీసివేసి, మిగిలినదానిని శాస్త్రమనుట ఎట్టి న్యాయమో విజ్ఞులు యోచింతురు గాక.

ఇక ప్రాచీనగ్రంథములు. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందలి వాస్తువిద్యాధ్యాయమున ఈశాన్యమున దేవగృహము, ఆగ్నేయమున మహానసము, నైరృతిని గృహోపకరణములు, వాయవ్యమున ధనధాన్యములు ఉండవలెనని నాలుగు మూలలకును చెప్పెను. అచ్చట భోజనగృహము మాటయే లేదు. మత్స్యపురాణ వాస్తుప్రకరణము ఆగ్నేయమున మహానసమును చెప్పి, దాని ప్రక్కనే ఉత్తరముగా జలస్థానమును చెప్పినది. ఇది వంటపని తెలిసినవారి మాట. కౌటిల్యుడు రాజగృహమునకు ఆగ్నేయభాగమున మహానసమును, గజశాలను, కోష్ఠాగారమును ఉంచినాడు. కేరళదేశపు నాలుకెట్టు ఇండ్లలో వంటిల్లు ఈశాన్యమున, బావి చెంత ఉండుట పరిపాటి. అచ్చటివారు వాస్తుశాస్త్రము నెరుగనివారు కారు. ఇట్లు మహానసపు దిక్కు విషయముననే సర్వత్ర ఏకవాక్యత లేదు. భోజనశాల విషయమున నేను పేర్కొన్న ప్రాచీనవాక్యములు మౌనము వహించినవి. పశ్చిమమున భోజనమను నియమము సంగ్రహగ్రంథములవలననే మనకు ప్రసిద్ధమైనది.

ఆ నియమమునకు యుక్తి లేదని నేననను. పడమటిశాలలో గోడకు వీపు చేర్చి పంక్తిగా కూర్చున్నవారు తూర్పుముఖముగా అంగణమువైపు చూచుచుందురు. ప్రాఙ్ముఖభోజనము ఆయుష్యకరమని మనుస్మృతి రెండవ అధ్యాయము. ఐనను అచ్చటనే దక్షిణముఖమునకు యశస్సు, పశ్చిమముఖమునకు సంపద, ఉత్తరముఖమునకు సత్యము ఫలములుగా చెప్పబడినవి. ఏ ముఖమును నిషిద్ధము కాదు. మరియు పడమటిగోడ సాయంకాలపుటెండకు కాగునే కాని మధ్యాహ్నభోజనవేళకు ఇంకను చల్లగానే యుండును. ఇది నా ఊహ.

ఆగ్నేయమహానసమునకును ఇట్టి యుక్తియే కలదు. వరాహమిహిరుడు అవంతిదేశీయుడు. అచ్చట వేసవియందును వర్షర్తువునందును పడమటిగాలి ప్రబలము. తూర్పుకొసనున్న వంటింటి పొగ ఇంటిలోనికి రాక బయటికి పోవును. ప్రాతఃకాలపుటెండ వంటింటిలో పడుటయు మేలే. మన కోస్తామండలములలో సముద్రము ఆగ్నేయదిశగా నుండుటచేత వేసవి మధ్యాహ్నములయందు గాలి తరచుగా ఆ దిక్కునుండియే వీచును. అప్పుడు ఆగ్నేయపు వంటింటి పొగ ఇంటిమీదికే వచ్చును. మనవారు దానికి తగినట్లు వంటింటిని పెరటివైపు కొంత విడిగా కట్టి, ఎత్తున గవాక్షములుంచి, పైకప్పున పొగ పోవుటకు సందు విడిచిరి. పొగబాధను కవులును మరువలేదు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున వానకాలమునందు విష్ణుచిత్తుని భార్య, కన్నులలోనికి పొగ పోకుండ కొబ్బరిచిప్పలు మంటబెట్టి అతిథులకు వండినట్లు రాయలవారు వర్ణించిరి. చక్రవర్తియగు కవికి పొయ్యిముందు కూర్చున్న స్త్రీ కన్నులు కనబడినవి; నేటి పటములు గీయువారికి కనబడుటలేదు.

వాస్తుగ్రంథములు మౌనము వహించినచోట ఆయుర్వేదము మాటాడినది. ఈ విచారమునకు ముఖ్యమైన ఆధారము అదియే అని నా అభిప్రాయము. చరకసంహిత విమానస్థానపు మొదటి అధ్యాయమున ఆహారవిధి చెప్పుచు, అన్నము వేడిగా తినవలెనని మొదటి నియమముగా ఉంచినారు. వేడియన్నము రుచించును, జఠరాగ్నిని ప్రేరేపించును, త్వరగా జీర్ణమగును, వాతమును అనులోమము చేయును, కఫమును శోషింపజేయును. మిక్కిలి ఆలస్యముగా తినుటవలన తృప్తి కలుగదనియు, ఎక్కువ తినుట జరుగుననియు, పదార్థములు చల్లారిపోవుననియు అచ్చటనే కలదు. కావున వంటిల్లు భోజనస్థానమునకు దగ్గరగా ఉండవలెను.

సుశ్రుతుడు దీనికి రెండవ కొస చూపినాడు. సూత్రస్థానపు నలుబదియారవ అధ్యాయమున భోజనస్థలము ఏకాంతమై, రమ్యమై, జనసంచారము లేనిదై, శుచియై, సమతలమై యుండవలెనన్నాడు. వంటింటి సందడి, పొగ, పోపుఘాటు, రాకపోకలు ఉన్నచోట ఈ లక్షణములు కుదురవు. కావున భోజనస్థానము వంటింటికి ఎడముగా ఉండవలెను.

దగ్గరగాను ఉండవలెను, ఎడముగాను ఉండవలెను. ఈ విరోధమునకు పరిహారము ఆ అధ్యాయముననే ఉన్నది. చదువువారు సాధారణముగా దానిని దాటిపోవుదురు. మహానసము ఆప్తులగు పనివారితో కూడినదై, ఇరుకులేనిదై, శుచియై ఉండవలెనని చెప్పి, అందు చక్కగా సిద్ధమైన అన్నమును శుచియైన చోట, బాగుగా రక్షింపబడునట్లు ఉంచవలెనని సుశ్రుతుడు చెప్పుచున్నాడు. భోక్తయెదుటికి తెచ్చుట అటుతరువాతి మాట. అనగా స్థానములు రెండు కావు, మూడు: పాకస్థానము, సిద్ధాన్నస్థానము, భోజనస్థానము. మన పటములలో మొదటిది, మూడవది ఉన్నవి. నడిమిది లోపించినది. ఆ నడిమిది ఉన్నచో దూరపుచిక్కు విడిపోవును. వండినది వండినట్లు మూతపెట్టి అచ్చటికి చేర్చినచో వంటింటి సందడి వంటింటిలోనే ఉండును. అచ్చటినుండి విస్తరికి నాలుగడుగులే కావున అన్నము చల్లారదు.

తరువాత ఎట్లు అమర్చవలెనో కూడ సుశ్రుతుడు విడువలేదు. భోక్తకెదురుగా విశాలమైన పాత్రయందు అన్నము, పప్పు; కుడివైపున పండ్లు, పొడిగానుండు భక్ష్యములు; ఎడమవైపున నీరు, పానకము, పాలు మొదలగు ద్రవములు. నేయి ఇనుపపాత్రయందు, పేయ వెండిపాత్రయందు, పండ్లును భక్ష్యములును ఆకులయందు. ఇన్ని పాత్రలను ఇన్ని వైపుల పెట్టవలసినవాడు అరువది అడుగులు ఎన్నిమారులు తిరుగగలడు?

మన మండువాయిండ్లలో ఈ నడిమిస్థానము సహజముగా ఉండెడిది. పెరటివైపు వంటిల్లు, దాని ముందర చిన్న వసారాయో నడిమి గదియో, ఆ తరువాత పీటలు వేసికొని కూర్చుండు తావు. వండినవానిని గిన్నెలతో వసారాలోనికి చేర్చి, వడ్డించువారు అచ్చట నిలిచి, ఏ విస్తరిలో ఏది తక్కువయైనదో చూచి వడ్డించెడివారు. మడికట్టుకొని వండువారికి గడప ఒక సరిహద్దు. తినువారు ఆ గడప దాటరు. పెండ్లిండ్లలోను ఇదే పద్ధతి. పెరటిలో గాడిపొయ్యిమీద వండినదంతయు ముందు ఒక గదిలోనికి చేర్చి, నమ్మకమైన పెద్దవానిని అచ్చట నిలిపి, అటుపిమ్మట పంక్తికి తీయుదురు. సుశ్రుతుడు చెప్పిన సురక్షితస్థానము ఇదియే గదా.

ఇక ధర్మశాస్త్రము. వడ్డనకు పోవు దారియు, తిన్నవారు చేయికడుగుటకు పోవు దారియు వేరుగా ఉండవలెననుట మన పెద్దలయిండ్లలో నియమము. భోజనము ముగించినవారు పెరటికి పోవునప్పుడు వంటింటి గుండపు పోరాదు. ఈ దారులు కలిసినచో ఏమగునను చింత స్మృతికారులకును కలిగినది. చేతిలో పదార్థముండగా ఉచ్ఛిష్టస్పర్శ కలిగినవాడు ఆ పదార్థమును క్రింద పెట్టకయే ఆచమించి శుద్ధుడగునని మనుస్మృతి అయిదవ అధ్యాయము. క్రింద పెట్టి ఆచమింపవలెనని గౌతమధర్మసూత్రము. ఈ విరోధమునకు వ్యాఖ్యాతలు చేసిన సమన్వయములు వేరొక వ్యాసమునకు తగును. ఇచ్చట ప్రకృతమేమనగా, వడ్డించువాడును ఎంగిలిచేతివాడును దారిలో తారసిల్లుట ఆ కాలముననే ఎదురైన చిక్కు. దానికి ప్రాయశ్చిత్తము వెదకుటకంటె దారులు వేరుచేయుట మేలు.

ఇచ్చట పూర్వపక్షి లేచి, మీరు చెప్పునవి అన్నియు దృష్టప్రయోజనములు, దిక్కు నియమము అదృష్టార్థము, దానిని యుక్తితో కదలింపరాదు అనవచ్చును. మీమాంసకుల మాటతోనే సమాధానము చెప్పుదును. వ్రీహులను దంచుటకు ఊక పోవుట దృష్టఫలము. దృష్టఫలము లభించుచుండగా అదృష్టమును కల్పించుట యుక్తము కాదు. దంచుటచేతనే ఊక తీయవలెను, గోటితో తీయరాదను నియమమున నియమాదృష్టమును మీమాంసకులంగీకరింతురు, నిజమే. కాని అచ్చట విధివాక్యము నిస్సందిగ్ధము. ఇచ్చటనో ఒక గ్రంథము చెప్పినదానిని మరియొకటి చెప్పలేదు. ఒక దేశమున ఆగ్నేయము, మరియొక దేశమున ఈశాన్యము ఆచారముగా ఉన్నవి. ఇట్టి చోట దేశాచారమును, గృహస్థుని సౌకర్యమును అనుసరించి విన్యాసము చేసికొన్నవానికి శాస్త్రాతిక్రమదోషము అంటదు. పదునారు గదులకు చాలిన స్థలము కలవాడు ఆ క్రమమును పాటించిన ఆక్షేపణ లేదు. అతడు అంగణమును కూడ విడువవలెను, నడిమి సిద్ధాన్నస్థానమును కూడ కల్పింపవలెను.

దీనివలన కలుగు కష్టమునకు ఒక ఉదాహరణము చెప్పుదును. గోదావరిప్రాంతమున నా పూర్వశిష్యుడొకడు ఉద్యోగవిరమణానంతరము ఇల్లు కట్టించెను. పటములో ఉన్నట్లు వంట ఆగ్నేయమున, భోజనము పశ్చిమమున. నడుమ పడకగది ప్రక్కనుండి సన్నని నడవ, రెండుచోట్ల గడపలు. గృహప్రవేశమునాడు అందరును మెచ్చిరి. రెండేండ్ల తరువాత నేను పోయినప్పుడు ఆ పడమటి గదిలో పాతపుస్తకములు, విరిగిన కుర్చీలు ఉన్నవి. ఇంటివారు వంటింటి మూలనే పీట వేసికొని తినుచున్నారు. మోకాళ్లనొప్పిగల ఆ ఇల్లాలు చారుగిన్నెతో గడపలు దాటలేక మొదట తన భోజనమును వంటింటికి మార్చుకొన్నదట. పిమ్మట తక్కినవారును అచ్చటికే చేరిరి. అంతవరకు ఆమె భర్తకు, కుమారునకు పడమటి గదిలో వడ్డించి, చివర తాను వంటింటిలో ఒంటరిగా చల్లారినది తినెడిది. నవవధువులను, కన్యలను, రోగులను, గర్భిణులను అతిథులకంటె ముందుగా భుజింపజేయవలెనని మనుస్మృతి మూడవ అధ్యాయమున చెప్పబడియుండగా, వేడియన్నము వడ్డించు చేతికి వేడియన్నము అందకుండ చేయు విన్యాసమునకు ఆ శాస్త్రముల పేరు పెట్టుట నాకు సమ్మతము కాదు.

ఫ్లాటు కొనువారు అడుగుచున్నారు కావున ఆచరణకు సంబంధించిన నాలుగు మాటలు. మొదటిది, గోడలు పగులగొట్టవలదు. కొన్ని గోడలు, స్తంభములు పైయంతస్తుల బరువు మోయుచుండును. వంటగది ద్వారమునుండి భోజనపుబల్లకు పది పండ్రెండు అడుగులు మించకుండ, నడుమ మెట్టుగాని గడపగాని లేకుండ చూచుకొనవలెను. సుశ్రుతుని సమతలమను విశేషణము భోజనస్థలమునకు చెప్పబడినదైనను, వృద్ధులున్న ఇంట దారికి కూడ అది అన్వయించును. ఆ రెండింటి నడుమ రెండడుగుల వెడల్పు గల అరుగో బల్లయో ఉన్నచో సిద్ధాన్నస్థానము ఏర్పడును. రెండు గదులకు నడుమ గోడయున్నచో అందు వంటగట్టు ఎత్తుననే, అనగా సుమారు మూడడుగుల ఎత్తున, తలుపుగల కిటికీ ఒకటి పెట్టించుకొన్నను చాలును. వడ్డనవేళ తెరచి, పోపువేళ మూసికొనవచ్చును. ఈ కాలమున గోడయే లేకుండ వంటగదిని భోజనశాలలో కలిపివేయుట వేడుకయైనది. చరకునకు ప్రియమే కాని సుశ్రుతునకు కాదు. మిరపకాయల ఘాటు నడుమ కూర్చుండి తినుట రమ్యభోజనమెట్లగును?

చేయికడుగు వాష్‌బేసినును అనేకులు వంటగది ద్వారము ప్రక్కనే పెట్టుచున్నారు. గొట్టములు దగ్గరగా నుండుట కట్టువారికి సులభము. ఇది అన్నిటికంటె పెద్ద దోషమని నా అభిప్రాయము, ఎంగిలిదారి వడ్డనదారిని సరిగా అచ్చటనే ఖండించును గనుక. బల్లకు వంటగది ఒక వైపునను బేసిను ఎదుటివైపునను ఉండునట్లు ముందుగానే చెప్పి గొట్టములు వేయించుకొనవలెను. అది వీలుకానిచో బల్లనైనను జరిపి రెండు దారులను వేరుచేయవలెను.

మరియొకటి. పూర్వపు పొగ పైకి పోవును గనుక సుశ్రుతుడు కల్పస్థానమున మహానసమునకు జాలకములు, గవాక్షములు సమృద్ధిగా ఉండవలెనన్నాడు. నేటి వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో క్రిందికి దిగి నేలమట్టున నిలుచును, ఆనుకొనియున్న భోజనశాలలోనికి కూడ ప్రాకును. కావున పైనున్న గవాక్షముతోపాటు బయటిగోడకు నేలమట్టున ఒక జాలకమును, దానిని మూయకుండునట్లు పెట్టించుకొనవలెను. బియ్యపుబస్తాయో సిలిండరో దాని కడ్డముగా నిలుపరాదు.